తక్కువ ధర ల్యాప్‌టాప్ ఎంపిక: ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు

పాఠం 9

9.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో కంప్యూటరులోని ముఖ్య భాగాల గురించి, అవి చేసే పనుల గురించి తెలుసుకున్నారు. ఇప్పుడు మీరు సొంతంగా ఒక ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నారని అనుకుందాం. మీ చేతిలో రూ. 30,000 ఉన్నాయి. అది ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బు కావచ్చు, చీటీ పాడి తెచ్చినది కావచ్చు. దుకాణానికి వెళితే అమ్మకందారు పది యంత్రాలు చూపిస్తాడు. ఒకదాని తెర బాగుంటుంది కాని వేగం ఉండదు. ఒకటి వేగంగా పనిచేస్తుంది కాని బ్యాటరీ రెండు గంటలకే అయిపోతుంది. అన్నీ బాగున్న యంత్రం ధర మీ శక్తికి మించి ఉంటుంది.

పిండి కొద్దీ రొట్టె అని మన పెద్దలు అంటారు. పిండి ఎంత ఉందో ముందే తెలిసినప్పుడు రొట్టెను ఎలా చేసుకోవాలన్నదే ప్రశ్న. అర్థశాస్త్రంలో దీనినే అవకాశ వ్యయం అంటారు. ఒకదానిని ఎంచుకున్నందువల్ల వదులుకోవలసి వచ్చిన మరొకదాని విలువే అవకాశ వ్యయం. ఈ పాఠంలో ఆ భావనను ల్యాప్‌టాప్ కొనుగోలుకు అన్వయించి చూద్దాం.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• మీ పనికి అవసరమైన లక్షణాలను, లేకపోయినా ఫరవాలేని లక్షణాలను వేరు చేయగలుగుతారు.
• తరువాత మార్చుకోగలిగిన భాగాలేవో, మార్చలేనివేవో గుర్తించగలుగుతారు.
• పెట్టెమీది అంకెలను చదివి వాటి అర్థం చెప్పగలుగుతారు.
• కొత్త యంత్రాన్ని, వాడిన యంత్రాన్ని పోల్చి, మార్కుల పట్టిక సాయంతో నిర్ణయం తీసుకోగలుగుతారు.

9.3 చౌక యంత్రం దేనిని వదులుకుంటుంది?

ధర తగ్గించాలంటే తయారీదారు కూడా ఏదో ఒకటి వదులుకోక తప్పదు. రెండు ఉదాహరణలు చూడండి.

2005 సంవత్సరంలో "పిల్లవానికొక ల్యాప్‌టాప్" అనే అంతర్జాతీయ పథకాన్ని ప్రకటించారు. వంద డాలర్లకు ఒక యంత్రం ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మన దేశంలో 2007లో మహారాష్ట్రలోని ఖైరత్ గ్రామంలోను, 2008లో నేపాల్‌లోని కొన్ని పాఠశాలల్లోను దీనిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. దాని తెర ఎండలో కూడా చదవడానికి వీలుగా ఉండేది. ఆరుబయట చదువుకునే పిల్లలకు అది అవసరమని రూపకర్తలు భావించారు. దానికి బదులుగా నిల్వ స్థలాన్ని 1 జి.బి.కి, ర్యామ్‌ను 256 ఎం.బి.కి పరిమితం చేశారు. అయినా తయారీ ఖర్చు అనుకున్నదానికి దాదాపు రెట్టింపు అయింది.

రెండవది మన ఆకాశ్ టాబ్లెట్. విద్యార్థుల కోసం 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదల చేశారు. ధర తగ్గించడం కోసం ఇందులో వేలితో గట్టిగా నొక్కితేనే పనిచేసే రకం తెరను, 256 ఎం.బి. ర్యామ్‌ను అమర్చారు. 2012 నవంబరులో వచ్చిన తరువాతి రూపంలో తాకితే చాలు పనిచేసే తెరను, 512 ఎం.బి. ర్యామ్‌ను ఇచ్చారు. అంటే మొదట వదులుకున్న వాటినే తిరిగి చేర్చవలసి వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలలో మనం గమనించవలసిన విషయం ఒకటే. చౌక యంత్రాన్ని చూసినప్పుడు "ఇందులో ఏమేమి ఉన్నాయి?" అని మాత్రమే కాక, "ఈ ధరకు ఇవ్వడం కోసం ఇందులో ఏమి తగ్గించారు? తగ్గించినది నాకు కావలసినదేనా?" అని కూడా అడగాలి.

9.4 ముందు పని, తరువాత యంత్రం

కొనడానికి ముందు ఒక కాగితం తీసుకొని, వచ్చే మూడేళ్లలో ఈ యంత్రంతో మీరు చేయబోయే పనులు రాయండి. ప్రతి పనికి ఎదురుగా దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ పేరు రాయండి. ఆ పేరే చాలా సంగతులను నిర్ణయిస్తుంది.

దుకాణాల లెక్కలు రాసేవారికి ట్యాలీ కావాలి. అది విండోస్ మీద పనిచేసేందుకు తయారైనది. తెలుగు డి.టి.పి. పనిచేసేవారు అను ఫాంట్లను, వాటికి తగిన పాత సాఫ్ట్‌వేర్లను వాడతారు. వారికి కూడా విండోస్ అవసరమే. ఇటువంటివారు తక్కువ ధరకు వస్తున్నదని క్రోమ్‌బుక్ కొంటే పని ముందుకు సాగదు.

ఉత్తరాలు రాసుకోవడం, వీడియో పాఠాలు చూడడం, ఇంటర్నెట్‌లో దరఖాస్తులు నింపడం మాత్రమే మీ పనులైతే క్రోమ్‌బుక్ గాని, ఉచితంగా లభించే లినక్స్ గాని సరిపోవచ్చు. మన దేశంలో సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్‌లో తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేసే ఏర్పాటు ఉంది. దరఖాస్తులకు వేలిముద్ర యంత్రం వంటి పరికరాన్ని తగిలించవలసి ఉంటే, అది ఏ వ్యవస్థ మీద పనిచేస్తుందో ముందే అడిగి తెలుసుకోండి.

9.5 మార్చుకోగలిగినవి, మార్చలేనివి

ల్యాప్‌టాప్‌లోని భాగాలను రెండు గుంపులుగా విడదీయవచ్చు.

మార్చలేనివి: ప్రాసెసర్, యంత్రం బరువు, ఆకారం. తెరను, కీబోర్డును మార్చవచ్చు కాని అది మరమ్మతు పని. అందుకు ఖర్చు ఎక్కువ. కాబట్టి వాటిని కూడా మార్చలేనివిగానే లెక్కించండి.

మార్చుకోగలిగినవి: ఎస్.ఎస్.డి., బ్యాటరీ. బయట తగిలించుకునే మౌస్, స్పీకర్లు, కెమెరా కూడా ఈ గుంపులోవే.

ర్యామ్ ఈ రెండింటి మధ్య ఉంటుంది. కొన్ని యంత్రాలలో ర్యామ్ పెట్టుకోవడానికి ఖాళీ గడి ఉంటుంది. మరికొన్నింటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. రెండవ రకంలో 4 జి.బి. కొంటే చివరిదాకా 4 జి.బి.తోనే పని జరుపుకోవాలి. అందువల్ల "ర్యామ్ ఎంత?" అనే ప్రశ్నతోపాటు "పెంచుకోవచ్చా? ఎంత వరకు?" అని తప్పక అడగండి. పెంచుకోవచ్చన్నంత మాత్రాన అది ఎప్పుడూ చౌకగా దొరుకుతుందని అనుకోకూడదు. మెమరీ చిప్పుల ధరలు 2025 చివరి నెలల నుంచి బాగా పెరిగాయి.

దీనినుంచి ఒక సూత్రం ఏర్పడుతుంది. ఉన్న డబ్బును ముందు మార్చలేని వాటిపై, అందులోనూ మీ పనికి కీలకమైన వాటిపై ఖర్చుపెట్టండి. మార్చుకోగలిగినవాటిలో ఇప్పటికి సరిపోయేటంత తీసుకోండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1

1. అవకాశ వ్యయం అంటే ఏమిటి?
2. ఒక యంత్రంలో 512 జి.బి. ఎస్.ఎస్.డి., మసకగా కనిపించే తెర ఉన్నాయి. మరొకదానిలో 256 జి.బి. ఎస్.ఎస్.డి., మంచి తెర ఉన్నాయి. ధర ఒకటే. రోజుకు ఆరు గంటలు లెక్కలు రాసే వ్యక్తి ఏది ఎంచుకోవాలి? ఎందుకు?

9.6 పెట్టెమీది అంకెలను చదవడం

ప్రాసెసర్: పెద్ద అంకె ఉన్నంత మాత్రాన కొత్తదని అనుకోకూడదు. రైజన్ 3 7320యు, రైజన్ 3 7330యు అనే రెండు పేర్లు చూడండి. రెంటికీ తేడా ఒక్క అంకెలోనే ఉంది. ఆ వరుసలో మూడవ స్థానంలోని అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. మొదటిది జెన్ 2 అనే పాత నిర్మాణం, రెండవది జెన్ 3. పైపేర్లు చూసి రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. దుకాణదారు "ఐ3", "ఐ5", "రైజన్ 3" అని మాత్రమే చెబితే ఊరుకోక, పూర్తి సంఖ్య రాయించుకోండి.

ర్యామ్: విండోస్ 11 వాడడానికి కనీసం 4 జి.బి. ఉండాలని దాని తయారీదారు నియమం. అది యంత్రం నడవడానికి కావలసిన హద్దు మాత్రమే. ఒకేసారి బ్రౌజరు, లెక్కల పుస్తకం, వీడియో తెరిచి పనిచేయాలంటే 8 జి.బి. ఉండడం మంచిది.

నిల్వ: పాతకాలపు హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం ఉంటుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు ఉండవు. అందువల్ల అది చాలా వేగంగా పనిచేస్తుంది, కుదుపులకు కూడా తట్టుకుంటుంది. 1,000 జి.బి. హార్డ్ డిస్క్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. ఒకే ధరకు దొరికితే ఎక్కువమందికి రెండవదే మేలు. బాగా చౌక యంత్రాలలో ఇ.ఎం.ఎం.సి. అనే మరో రకం నిల్వ ఉంటుంది. అది సాధారణంగా ఎస్.ఎస్.డి. కంటె నెమ్మది. పైగా దానిని మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు.

256 జి.బి. అని కొన్న ఎస్.ఎస్.డి. విండోస్‌లో 238 జి.బి.గా కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. తయారీదారు ఒక జి.బి.ని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కిస్తుంది. తేడా అందువల్లనే వస్తుంది.

తెర: 1366 × 768 తెరలో సుమారు 10 లక్షల 49 వేల చుక్కలు ఉంటాయి. 1920 × 1080 తెరలో 20 లక్షల 73 వేలకు పైగా ఉంటాయి. రెండవదానిలో లెక్కల పట్టిక వరుసలు ఒకేసారి ఎక్కువగా కనిపిస్తాయి. అయితే తెర పరిమాణం అంతే అయినప్పుడు అక్షరాలు చిన్నవవుతాయి. చూపు తగ్గినవారు అక్షరాలను పెంచుకోవలసి వస్తుంది. అప్పుడు ఎక్కువ వరుసలు కనిపించే లాభం కొంత పోయినా, అక్షరాలు మరింత స్పష్టంగా ఉంటాయి.

బ్యాటరీ: "10 గంటలు" అన్న ప్రకటన కంటె వాట్ అవర్ల సంఖ్య నమ్మదగినది. 42 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం రాతపనికి 7 వాట్లు వాడుకుంటే 42 ÷ 7 = 6 గంటలు నడుస్తుంది. వీడియో చూసేటప్పుడు 12 వాట్లు వాడుకుంటే 42 ÷ 12 = 3 గంటల 30 నిమిషాలే నడుస్తుంది.

9.7 కొత్తదా, వాడినదా?

కార్యాలయాలు కొన్నేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్ముతుంటారు. వీటి కీబోర్డు, తెర, గట్టిదనం అదే ధరకు వచ్చే కొత్త యంత్రాలకంటె తరచుగా మెరుగ్గా ఉంటాయి. వాటికోసం మీరు వదులుకునేవి మూడు: కొత్త బ్యాటరీ, పూర్తి వారంటీ, మిగిలిన ఆయుష్షు.

ఇక్కడ ఒక తేదీ గుర్తుంచుకోవాలి. విండోస్ 10కి ఇచ్చే సాధారణ భద్రతా సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మాత్రం అన్ని పాత యంత్రాలనూ అంగీకరించదు. ఇంటెల్ ప్రాసెసర్లలో, కొన్ని మినహాయింపులు తప్ప, 8వ తరం గాని ఆ తరువాతిది గాని కావాలి. ఐ5-7200యు అని ఉంటే అది 7వ తరం. ఐ5-8250యు అని ఉంటే 8వ తరం. బ్యాంకు పనులు, ఇతరుల లెక్కలు చేసేవారు 7వ తరం యంత్రాన్ని ఎంత చౌకగా వచ్చినా తీసుకోకపోవడం మంచిది. లినక్స్‌తో సరిపెట్టుకోగలవారికి అదే యంత్రం ఇంకా కొన్నేళ్లు పనికివస్తుంది.

వాడిన యంత్రం కొనేటప్పుడు ఈ కింది వాటిని దుకాణంలోనే పరీక్షించండి.

(అ) కీబోర్డులోని ప్రతి మీటనూ ఒకసారి నొక్కి అక్షరం పడుతున్నదో లేదో చూడండి.
(ఆ) తెరను నాలుగైదు సార్లు తెరిచి మూయండి. కీలు వదులుగా ఉంటే వద్దనండి.
(ఇ) విండోస్‌లో బ్యాటరీ నివేదిక తీయించండి. తయారైనప్పటి సామర్థ్యం 45 వాట్ అవర్లు, ఇప్పటి సామర్థ్యం 27 వాట్ అవర్లు అని ఉంటే ఆ బ్యాటరీలో 60 శాతమే మిగిలిందన్నమాట. కొత్త బ్యాటరీ ధరను కూడా లెక్కలో కలుపుకోండి.
(ఈ) యంత్రం పాత కార్యాలయపు పాస్‌వర్డుతో బిగించి లేదని రూఢి చేసుకోండి.
(ఉ) యంత్రం వరుస సంఖ్యతో బిల్లు తీసుకోండి.

9.8 ధర వేరు, ఖర్చు వేరు

పెట్టెమీది ధర ఖర్చులో ఒక భాగం మాత్రమే. సంచి, మౌస్, ముఖ్యమైన దస్త్రాల నకలు ఉంచుకోవడానికి పెన్‌డ్రైవ్ వంటివి ఉంటాయి. రాతపనికి, లెక్కల పట్టికలకు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ చాలునేమో చూసుకోండి. అది చాలితే ఆ డబ్బు మిగులుతుంది.

వాయిదాల లెక్క కూడా చూద్దాం. ఒక యంత్రం ధర రూ. 30,000 అనుకుందాం. మొత్తం ఒకేసారి చెల్లిస్తే రూ. 1,500 తగ్గిస్తామన్నారు. "వడ్డీ లేని" వాయిదాలలో తీసుకుంటే నెలకు రూ. 3,000 చొప్పున పది నెలలు కట్టాలి. రుసుము రూ. 200, దానిపై 18 శాతం పన్ను రూ. 36 అదనం.

ఒకేసారి చెల్లిస్తే: 30,000 – 1,500 = రూ. 28,500
వాయిదాలలో: 30,000 + 200 + 36 = రూ. 30,236
తేడా: రూ. 1,736

వడ్డీ అనే పేరు లేకపోయినా ఈ రూ. 1,736 వాయిదాల సౌకర్యానికి మీరు ఇచ్చే మూల్యం. సున్నా శాతం వడ్డీ అనేది నిజానికి ఉండదని, అది రుసుము రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. అయితే ఆ యంత్రంతో ఈ నెలనుంచే సంపాదన మొదలయ్యేటట్లయితే వాయిదాలు తీసుకోవడం తప్పుకాదు. లెక్క తెలిసి తీసుకోవాలి, అంతే.

"బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తాను" అనే దుకాణదారు ఇచ్చే తగ్గింపుకు బదులుగా మీరు వదులుకునేది వారంటీని, ఫిర్యాదు చేయగల ఆధారాన్ని. బిల్లు ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయడం సులభం. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

వారంటీలో కూడా రకాలున్నాయి. ఒకదానిలో మనమే యంత్రాన్ని సేవా కేంద్రానికి తీసుకుపోవాలి. మరొకదానిలో వారే ఇంటికి వస్తారు. సేవా కేంద్రం 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే ప్రతి మరమ్మతుకూ బస్సు చార్జీలతోపాటు ఒకటి రెండు రోజుల కూలి కూడా పోతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.2

1. 36 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం 9 వాట్లు వాడుకుంటే ఎన్ని గంటలు నడుస్తుంది?
2. ఐ5-6300యు ప్రాసెసర్ ఉన్న వాడిన ల్యాప్‌టాప్‌ను ట్యాలీ పనికోసం కొనవచ్చా? కారణం చెప్పండి.

9.9 మార్కుల పట్టిక

ఇద్దరు అభ్యాసకులను ఊహించుకుందాం. ఇద్దరి దగ్గరా రూ. 30,000 ఉన్నాయి. మొదటి ఆమెది భివండీలో స్థిరపడిన తెలుగు చేనేత కుటుంబం. ఇంట్లో కూర్చొని మరమగ్గాల యజమానులకు ట్యాలీలో లెక్కలు రాస్తుంది. రెండవ అతను ఆదిలాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సర్వే వివరాలు నమోదు చేస్తాడు. అతను వాడే సాఫ్ట్‌వేర్ చాలా చిన్నది. పగలంతా కరెంటు దొరకదు.

వారి ముందు మూడు యంత్రాలున్నాయి. ధరలు లెక్క కోసం అనుకున్నవి.

క: కొత్తది, తేలిక, బ్యాటరీ బాగా నిలుస్తుంది, వేగం తక్కువ, తెర సాధారణం. రూ. 28,000.
ఖ: వాడినది, 8వ తరం ఐ5, మంచి తెర, కీబోర్డు, పాత బ్యాటరీ, ఆరు నెలల వారంటీ. రూ. 20,000.
గ: కొత్తది, అన్నింటిలోను మెరుగు. రూ. 36,000.

మొదట తప్పనిసరి షరతులు చూడాలి. మూడూ విండోస్ 11తో పనిచేస్తాయి. కాని "గ" ధర ఉన్న డబ్బును మించింది. "ఇంకో ఆరు వేలేగా" అనిపించవచ్చు. ఆ ఆరు వేలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పలేనప్పుడు దానిని పక్కన పెట్టాలి. మిగిలిన రెండింటికి ప్రతి లక్షణానికి 5కు మార్కులు వేద్దాం.

| లక్షణం | క | ఖ |
|---|---|---|
| వేగం | 2 | 4 |
| బ్యాటరీ, బరువు | 5 | 2 |
| తెర, కీబోర్డు | 2 | 4 |
| వారంటీ | 4 | 2 |

ఇప్పుడు ప్రతి అభ్యాసకుని అవసరాన్నిబట్టి ఆ లక్షణాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ప్రాధాన్యాల మొత్తం 10 ఉండాలి.

| లక్షణం | మొదటి ఆమె | రెండవ అతను |
|---|---|---|
| వేగం | 3 | 2 |
| బ్యాటరీ, బరువు | 1 | 5 |
| తెర, కీబోర్డు | 4 | 1 |
| వారంటీ | 2 | 2 |

మార్కును ప్రాధాన్యంతో హెచ్చవేసి కూడితే:

మొదటి ఆమెకు: క = 6 + 5 + 8 + 8 = 27. ఖ = 12 + 2 + 16 + 4 = 34.
రెండవ అతనికి: క = 4 + 25 + 2 + 8 = 39. ఖ = 8 + 10 + 4 + 4 = 26.

యంత్రాలు అవే, మార్కులు అవే, డబ్బూ అంతే. అయినా ఆమెకు "ఖ", అతనికి "క" తగినవి. ఆమె దగ్గర రూ. 10,000 మిగులుతాయి. అందులో కొంత కొత్త బ్యాటరీకి, కొంత మరమ్మతుల కోసం పక్కన ఉంచుకోవాలి. అతను వేగాన్ని, మంచి తెరను వదులుకున్నాడు. అవి లేకపోయినా అతని పని ఆగదు.

ఒక హెచ్చరిక. ప్రాధాన్యాలను దుకాణానికి వెళ్లకముందే రాసుకోవాలి. నచ్చిన యంత్రాన్ని చూసిన తరువాత రాస్తే, దానికే ఎక్కువ మార్కులు వచ్చేటట్లు మనకు తెలియకుండానే ప్రాధాన్యాలు మార్చుకుంటాం. అలాగే మొత్తాలలో తేడా ఒకటి రెండు మార్కులే ఉంటే రెండూ సమానమని భావించి, వారంటీ, సేవా కేంద్రం దూరం చూసి నిర్ణయించుకోండి.

9.10 సారాంశం

• ప్రతి చౌక యంత్రంలోను ఏదో ఒకటి తగ్గించి ఉంటారు. అది మీకు కావలసినదేనా అని చూడాలి.
• చేయవలసిన పని సాఫ్ట్‌వేర్‌ను, సాఫ్ట్‌వేర్ యంత్రాన్ని నిర్ణయించాలి.
• మార్చలేని భాగాలలో మీ పనికి కీలకమైన వాటిపై ముందు ఖర్చుపెట్టాలి.
• వాడిన యంత్రంలో ప్రాసెసర్ తరం, బ్యాటరీ, పాస్‌వర్డు, బిల్లు తప్పక చూడాలి.
• ధరకు అదనపు సామాను, వాయిదాలు, మరమ్మతుల ఖర్చు కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది.

9.11 పాఠాంత ప్రశ్నలు

1. ర్యామ్‌ను పెంచుకునే వీలుందో లేదో కొనడానికి ముందే ఎందుకు తెలుసుకోవాలి?
2. కొత్త యంత్రం, వాడిన యంత్రం కొనడంలోని లాభనష్టాలను పోల్చండి.
3. పై పట్టికలో మొదటి ఆమె వారానికి మూడు రోజులు రైలులో ప్రయాణిస్తూ పనిచేయవలసి వచ్చిందనుకోండి. ప్రాధాన్యాలను మార్చి రాసి, మళ్లీ లెక్క కట్టండి. నిర్ణయం మారిందా?
4. కృత్యం: మీ దగ్గరలోని రెండు దుకాణాలకు వెళ్లి, మీ శక్తికి తగిన ధరలో ఉన్న మూడు యంత్రాల వివరాలు రాసుకోండి. ఆ రోజు ఏమీ కొనకండి. ఇంటికి వచ్చి మార్కుల పట్టిక తయారుచేసి, మీ కుటుంబ సభ్యులతో చర్చించండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

9.1
1. ఒకదానిని ఎంచుకున్నందువల్ల వదులుకోవలసి వచ్చిన మరొకదాని విలువ.
2. మంచి తెర ఉన్నది. ఎస్.ఎస్.డి.ని తరువాత పెంచుకోవచ్చు. తెరను మార్చడం ఖర్చుతో కూడిన పని.

9.2
1. 36 ÷ 9 = 4 గంటలు.
2. కొనకపోవడం మంచిది. అది 6వ తరానిది. విండోస్ 11 దానిని అంగీకరించదు. విండోస్ 10కి సాధారణ భద్రతా సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది.